గోదావరి పగలే దాటాలి!

"అమ్మా! విశాఖపట్నం నుంచి మద్రాసుకు రైల్లో ఎన్నిసార్లు వెళ్ళుంటావు?" అనడిగితే మా అమ్మ వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలో వదిలేస్తుంది. "మరి గోదావరిని ఎన్నిసార్లు చూశావు?" అంటే మాత్రం జవాబు ఠక్కున వస్తుంది.

"ఒక్కసారి కూడా లేదు!"

ఇదేం విచిత్రం అనుకుంటున్నారా? విచిత్రమేమీ లేదు. సాయంత్రం విశాఖలో బండెక్కి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని, దుప్పటి కప్పుకుని పడుకుంటే తెల్లారి మద్రాసు వచ్చేస్తుంది. మధ్యలో ఉన్న దాదాపు 780 కిలోమీటర్ల దారీ చీకట్లోనే జరిగిపోతుంది. గోదావరి వచ్చేసరికి అందరూ గాఢనిద్రలో ఉంటారు. వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది చూశారూ, ఆ చప్పుడు వినగానే అమ్మ లేచి కూర్చునేది. కొంగు ముడి విప్పి నాణెం తీసి, కిటికీ ఊచల్లోంచి చీకట్లోకి విసిరి, ఓ దణ్ణం పెట్టుకుని మళ్ళీ పడుకునేది. ఆ నాణెం నీళ్ళలో పడిందో, గడ్డర్ల మీద పడిందో ఆ గోదావరి తల్లికే ఎరుక!

తెర మీది గోదావరి

మా నాన్న మద్రాసులో ఒక స్టూడియోలో పెయింటరు. హీరో వెనక కనిపించే కొండలూ, మేఘాలూ, కిటికీ అవతలి కొబ్బరితోటలూ - ఇవన్నీ పెద్ద పెద్ద గుడ్డల మీద రంగులతో వేసేవారు. 1978లో పెళ్ళయి అమ్మ మద్రాసు వెళ్ళింది. ఒకరోజు నాన్న ఆమెను సెట్టింగు చూపించడానికి తీసుకెళ్ళారట. ముప్ఫై అడుగుల తెర నిండా నీలంగా మెరుస్తున్న నది, నది మీద తెరచాప పడవ. "ఇదిగో, నువ్వు రాత్రి నిద్రలో దాటొచ్చిన గోదావరి" అన్నారట నాన్న.

అమ్మ చూసిన గోదావరి అదొక్కటే!

తర్వాత తెలుగు చిత్రరంగం కొద్దికొద్దిగా హైదరాబాదుకు తరలిపోయింది. ఔట్‌డోర్ షూటింగులు పెరిగాయి. అసలు నదే దొరుకుతుంటే గుడ్డ మీది నది ఎవరిక్కావాలి? నాన్న విశాఖ తిరిగొచ్చి సినిమా హాళ్ళకి బ్యానర్లు, కొట్లకి బోర్డులు రాసుకున్నారు. ఫ్లెక్సీలొచ్చాక అదీ పోయింది. 2019లో ఆయనా వెళ్ళిపోయారు. అప్పట్నుంచి అమ్మ రైలెక్కడం మానేసింది. "ఎక్కి ఎవరి దగ్గరికెళ్ళాలిరా?" అనేది.

అందుకే ఈ ప్రయాణం ప్లాను నాకు ఉత్త సరదా వ్యవహారం కాదు. ఈ ప్లాను చెడితే అమ్మ మళ్ళీ ఇంకో ప్రయాణానికి ఒప్పుకోదని నాకు తెలుసు. ఎందుకంటే... అప్పటికే ఒకసారి చెడింది!

మొదటి ప్లాను ఫ్లాపు!

2022 డిసెంబరు. మద్రాసులో మా పిన్ని కూతురి పెళ్ళి. బతిమాలి అమ్మను బయల్దేరదీశాను. "పగటి బండికి వెళదాం, గోదావరి చూపిస్తాను" అని గొప్పగా మాటిచ్చాను. మధ్యాహ్నం బండికి టిక్కెట్లు తీశాను. టైం టేబుల్ ప్రకారం నాలుగు గంటలకల్లా వంతెన మీద ఉండాలి. ఇంకేం, దివ్యమైన వెలుతురు!

ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. బండి ఒకచోట అరగంట, ఇంకోచోట ముప్పావుగంట ఆగింది. డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గుంకుతుందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. రాజమండ్రి చేరేసరికి ప్లాట్‌ఫారం మీద లైట్లు వెలిగాయి. పైగా నేను తీసింది ఏసీ బోగీ. కిటికీ తెరుచుకోదు. అద్దంలో మా మొహాలే మాకు కనిపించాయి. అమ్మ చేతిలో నాణెం పట్టుకుని కూర్చుంది, వెయ్యడానికి దారి లేదు.

"పర్లేదులేరా... నాకు చీకటి అలవాటే" అంది.

తిట్టినా బాగుండేది.

ఆ దెబ్బతో ఒక పాఠం నేర్చుకున్నాను. సాధారణంగా మనం దారిలో మజిలీలను ఊళ్ళను బట్టి ఎంచుకుంటాం. ఫలానా గుడి, ఫలానా హోటలు అని. అది తప్పు. వెలుతురును బట్టి ఎంచుకోవాలి. ఏ నది దగ్గర పొద్దెక్కడుంటుంది, బండి రెండు గంటలు ఆలస్యమైనా వెలుగు మిగులుతుందా - ఇది ముందు చూసుకుని, తర్వాత ఎక్కడ దిగాలో తేల్చుకోవాలి. కెమెరామన్లు చేసేదీ ఇదే కదండీ! ముందు సూర్యుణ్ణి చూస్తారు, తర్వాతే హీరోయిన్ని నిలబెడతారు.

టిక్కెట్ల తిరకాసు

రెండోసారి 2025 జనవరి చివర, సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరాం. పెళ్ళీ పేరంటం ఏమీ లేదు. పిన్నిని చూసి రావడమే పని. తొందర లేదు గనక మూడు మజిలీలు పెట్టాను - రాజమండ్రి, బెజవాడ, సూళ్ళూరుపేట.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. "మద్రాసుకు ఒకే టిక్కెట్టు తీసుకుని దారిలో దిగుతూ పోవచ్చు కదా?" అంటారు చాలామంది. దూరపు టిక్కెట్టు మీద మధ్యలో దిగే సదుపాయం రైల్వేలో ఉన్నమాట నిజమే. కాని మొదటి 500 కిలోమీటర్లు దాటితేగాని దిగడానికి వీల్లేదు. విశాఖ నుంచి రాజమండ్రి రెండువందలు, బెజవాడ మూడువందల యాభై. అంటే మనకు కావలసిన రెండు నదులూ ఆ హద్దుకు ఇవతలే! కాబట్టి ఏ మజిలీకి ఆ మజిలీ విడి టిక్కెట్టు తీసుకోవడమే మార్గం. మొత్తమ్మీద ఖర్చు కొంచెం పెరుగుతుంది. దానికి సిద్ధపడే బయల్దేరండి.

రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. 2024 నవంబరుకు ముందు నూటఇరవై రోజులుండేది. పగటి బళ్ళలో మామూలు సెకండ్ సిటింగ్ తీసుకోండి. కిటికీ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది, గోదావరికి నాణెం వెయ్యొచ్చు! విశాఖలో పొద్దున్నే బయల్దేరే జన్మభూమి, సింహాద్రి లాంటి బళ్ళు ఇందుకు బాగా పనికొస్తాయి. వేళలు మారుతుంటాయి కనక బయల్దేరేముందు ఒకసారి సరిచూసుకోండి.

మొదటి మజిలీ: రాజమండ్రి

విశాఖ నుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ అడగండి. తూర్పు కనుమలు ఎక్కువగా అటే కనిపిస్తాయి. తుని చుట్టుపక్కల కొండలు మరీ దగ్గరికొచ్చి పలకరిస్తాయి. అన్నవరం వచ్చేసరికి బోగీలో సగంమంది చేతులు జోడిస్తారు. సత్యనారాయణస్వామి ప్రసాదం, ఆకులో కట్టిన ఆ గోధుమనూక ప్రసాదం, ఎవరైనా పెడితే మొహమాటపడకండి.

రాజమండ్రిలో దిగి, లాడ్జిలో సామాను పడేసి, ఆటోలో పుష్కరఘాటుకు వెళ్ళాం. పదకొండు గంటలవేళ. అమ్మ మెట్ల మీద నిలబడిపోయింది. నేనేమీ మాట్లాడలేదు. చాలాసేపటికి ఆమే అంది:

"మీ నాన్న తప్పు వేశారురా."

"ఏం తప్పమ్మా?"

"నీలం వేసేవారు. ఇది నీలం కాదు. చూడు... పచ్చగా ఉంది, బూడిదగా ఉంది, అక్కడేమో వెండిలా ఉంది. ఇన్ని రంగులు ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు."

జనవరి కాబట్టి అలా ఉంది. వరదల కాలంలో వెళ్తే ఇదే నది ఎర్రమట్టి కలిపిన చాయ్‌లా ఉంటుంది. ఏ కాలంలోనైనా రాజమండ్రి దగ్గర నీళ్ళు అంత వెడల్పుగా నిలిచి ఉండటానికి కారణం దిగువన ధవళేశ్వరంలో ఉన్న బ్యారేజి. కాటన్ దొర అక్కడ 1852లో పూర్తిచేయించిన ఆనకట్ట పాతబడ్డాక దాని బదులు కట్టిందది. సాయంత్రం అక్కడికి కూడా వెళ్ళిరావచ్చు, దగ్గరే.

ఘాటులో నిలబడి వంతెనల్ని చూడండి. అదొక చరిత్ర పుస్తకం. మొదటిది హేవలాక్ వంతెన. 1900లో రైళ్ళు మొదలయ్యాయి. యాభైఆరు స్పానులు. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. రెండోది 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన. కింద రైలు, పైన బస్సులు! మూడోది 1997 నాటి ఆర్చి వంతెన. ఇరవైఎనిమిది విల్లుల్ని వరసగా బోర్లించినట్టుంటుంది. ఇవాళ మన సినిమాల్లో గోదావరి అనగానే కనిపించేది ఈ విల్లులే. అమ్మ మాత్రం హేవలాక్ వంతెన వైపే చూసింది. పెళ్ళయిన కొత్తలో రాత్రిపూట తనను మోసింది ఈ పాత వంతెనో, పక్కనున్న రెండోదో, చీకట్లో ఎవరు చూశారు!

"నాణెం వెయ్యవా?" అన్నాను.

"మెట్ల మీంచి కాదు. రైల్లోంచే వెయ్యాలి" అంది. మొక్కు మొక్కే!

పడిపోయిన హీరో

గోదావరికి ఎక్కినన్ని సినిమాలు మరే నదికీ ఎక్కలేదేమో! 1964 నాటి "మూగ మనసులు"లో పడవ నడిపిన గోపీ దగ్గర్నుంచి, బాపు-రమణల "అందాల రాముడు" (1973) లాంచీ ప్రయాణం, శేఖర్ కమ్ముల "గోదావరి" (2006) దాకా ఈ నీళ్ళ మీదే నడిచాయి. కాని ఇక్కడ పేరు టైటిల్స్‌లో పడకుండా వందల సినిమాల్లో నటించిన హీరో ఒకడున్నాడు. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున ఉన్న నిద్రగన్నేరు చెట్టు.

మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని రోడ్డు-రైలు వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్ళాం. "ఆయ్, సినిమా చెట్టేనాండీ? పడిపోయిందండి బాబూ!" అన్నాడు ఆటోవాడు. మాకు తెలుసు. నూటయాభై ఏళ్ళ చెట్టని చెప్పుకుంటారు. 2024 ఆగస్టులో కూలిపోయింది. వార్త చదివి సినిమావాళ్ళే కాదు, మామూలు ప్రేక్షకులూ బాధపడ్డారు. తర్వాత మొదలుకు మందులు పూసి బతికించే ప్రయత్నం చేశారు. మేం వెళ్ళేసరికి నరికిన మొద్దు మీద లేతాకుపచ్చ చిగుళ్ళు.

అమ్మ ఆ మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ చెట్టు ఆయన వేశారు. బాగానే వేశారు" అని సర్టిఫికెట్టు ఇచ్చింది. నదికి మార్కులు తగ్గించిన మనిషి చెట్టుకు ఫుల్ మార్కులిచ్చింది! వంశీ సినిమాల్లో పదేపదే కనిపించిన ఆ నీడ ఇప్పుడు లేదు. అయినా వెళ్ళండి. ఒక పెద్ద నటుణ్ణి ముసలితనంలో పలకరించి వచ్చినట్టుంటుంది.

వంతెన మీద నాలుగు నిమిషాలు

మర్నాడు ఉదయం బెజవాడ బండి. ఎండ ఇంకా చురుక్కుమనలేదు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని స్టేషను వదలకముందే కొంగు ముడి విప్పింది. అయిదు రూపాయల నాణెం.

ఊరు అయిపోయింది. చక్రాల చప్పుడు మారింది. కింద నేల పోయి నీళ్ళొచ్చాయి. బోగీలో పిల్లలు కిటికీలకు అతుక్కుపోయారు. ఎవరో ముసలాయన గోవిందా అన్నాడు. టప్ టప్మని నాణాలు ఊచలకు తగిలి కింద పడుతున్నాయి. దూరంగా ఇసుక తిన్నెలు, చేపల పడవ ఒకటి, నీళ్ళలో మన రైలు నీడ మనతో పరుగెత్తుతోంది. రెండున్నర కిలోమీటర్లకు పైగా వంతెన. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. జీవితంలో అంత పొడుగు నాలుగు నిమిషాలు నేనెరగను.

కొవ్వూరు వచ్చేసింది. అమ్మ ఇటు తిరిగింది. చెయ్యి చూసుకుంది.

నాణెం పిడికిట్లోనే ఉంది! చూస్తూ చూస్తూ వెయ్యడం మరిచిపోయింది.

ఇన్నేళ్ళూ చూడకుండా వేసిన మనిషి, చూసినరోజు వెయ్యలేకపోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు సరిగా తెలీలేదు. రెండూ చేసినట్టే ఉంది.

రెండో మజిలీ: బెజవాడ

మధ్యాహ్నానికి బెజవాడ. సామాను క్లోక్‌రూములో పెట్టొచ్చు, అయితే పెట్టెలకు తాళాలుండాలి. పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములుంటాయి, ముందుగా బుక్ చేసుకుంటే లాడ్జి వెతుక్కునే బాధ తప్పుతుంది. భోజనం చేసి ఉండవల్లి గుహలకు వెళ్ళాం. కొండను అంతస్తులుగా తొలిచి, లోపల పవళించిన అనంతపద్మనాభస్వామి నిలువెత్తు రూపాన్ని చెక్కారు. ఏ ఆర్ట్ డైరెక్టరూ లేని రోజుల్లో ఎంత సెట్టింగు వేశారో చూడండి!

సాయంత్రం మాత్రం ప్రకాశం బ్యారేజి మీదే ఉండాలి. 1957లో పూర్తయింది, పొడుగు కిలోమీటరు పైచిలుకు. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఇంద్రకీలాద్రి పక్కన పొద్దు వాలుతుంటే కృష్ణ నీళ్ళ మీద పరుచుకునే ఎరుపు ఏ రంగు డబ్బాలోనూ దొరకదు.

మర్నాడు తెల్లవారుజామున పినాకిని ఎక్కాం. పెన్నానదికి ఉన్న మరో పేరే బండి పేరు. ఇక్కడ నా ప్లానులో ఒక లోపం ఒప్పుకోవాలి. జనవరిలో ఆరుంబావుకి కృష్ణ వంతెన మీద ఇంకా మసకచీకటే. వెలుగు కావాలంటే వేసవి ముందో, కొంచెం ఆలస్యంగా బయల్దేరే బండో చూసుకోండి. ముందురోజు బ్యారేజి మీద కళ్ళారా చూశాం కనక మాకు లోటనిపించలేదు.

"ఆ నాణెం ఇక్కడ వేసెయ్యమ్మా. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చినప్పట్నుంచీ గోదావరి నీళ్ళు కృష్ణలో కలుస్తూనే ఉన్నాయి. ఎలాగైనా ఒకటే" అన్నాను తెలివిగా.

అమ్మ నాకేసి జాలిగా చూసింది. "నీళ్ళు కలిస్తే కలిశాయి. ఎవరి బాకీ వాళ్ళది" అని, సంచీలోంచి వేరే నాణెం తీసి కృష్ణలో వేసింది. అయిదు రూపాయలు మళ్ళీ కొంగు ముడిలోకి వెళ్ళిపోయాయి.

మూడో మజిలీ: సూళ్ళూరుపేట

నెల్లూరు దగ్గర పెన్న దాటి, గూడూరు మీదుగా సూళ్ళూరుపేట చేరాం. రాకెట్ల ఊరు శ్రీహరికోటకు రోడ్డు ఇక్కణ్ణుంచే. ఆ రోడ్డే అసలు దృశ్యం! రెండు పక్కలా పులికాట్ సరస్సు, మధ్యలో తారురోడ్డు. చిల్కా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో వెళ్తే నీళ్ళలో గులాబి రంగు చుక్కలు కనిపిస్తాయి. అవి కదిలితే చుక్కలు కావు, ఫ్లెమింగోలు! ఒక గుంపు లేచిందంటే రెక్కల కింది ఎరుపు ఒక్కసారి మెరుస్తుంది. దగ్గర్లో నేలపట్టు పక్షికేంద్రంలో గూడబాతులు చెట్ల మీద కాపురాలు పెట్టి ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్ళేవారు బైనాక్యులర్ మరిచిపోకండి. వేసవిలో మాత్రం ఈ మజిలీ తీసెయ్యండి. పక్షులూ ఉండవు, నీళ్ళూ ఉండవు, మాడు పగిలే ఎండ ఒక్కటే ఉంటుంది.

సూళ్ళూరుపేట నుంచి చెన్నైకి లోకల్ రైళ్ళున్నాయి. రిజర్వేషను అక్కర్లేదు. చీకటి పడేవేళకు సెంట్రల్లో దిగాం. 2019 నుంచి ఆ స్టేషనుకు ఎం.జి.ఆర్. పేరు పెట్టారు. సినిమావాళ్ళ ఊళ్ళో సినిమాహీరో పేరుతో స్టేషను, సరిపోయింది! ఒకప్పుడు నాన్న ఈ ప్లాట్‌ఫారం మీదే అమ్మకోసం సైకిలు తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడేవారట.

శుభం కార్డు పడలేదు

నాలుగు రోజులున్నాక మా పిన్ని కొడుకు తిరుగు టిక్కెట్ల సంగతెత్తాడు. "పెద్దమ్మా, రాత్రి బండికి చేసేస్తాను. హాయిగా పడుకుంటే తెల్లారి విశాఖలో ఉంటారు" అన్నాడు.

నేను నోరెత్తకముందే అమ్మ అంది:

"వద్దురా నాన్నా. పొద్దున బయల్దేరేది చూడు. గోదావరి పగలే దాటాలి. అవతల నాకు అయిదు రూపాయలు బాకీ ఉంది."

ఆరేళ్ళ తర్వాత మా అమ్మ తనంతట తాను అడిగిన రైలు టిక్కెట్టు అది. కిటికీ పక్క సీటే దొరికింది.